తూము కంత, నీటి లెక్క: ఉదయగిరి, ఆత్మకూరు సీమల చరిత్ర

వెలిగొండల పాదాల నుంచి తూర్పుగా వాలుతూ పెన్నా తీరం దాకా పరుచుకున్న నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట సీమలో వ్యవసాయ చరిత్రకు ఆధారమైన కట్టడాలు రెండు: వాన నీటిని నిలిపే చెరువు కట్ట, నిలిపిన నీటిని కొలిచి పొలానికి విడిచే తూము. కట్టలను గురించీ, వాటిని వేయించిన ప్రభువులను గురించీ శాసనాలూ కైఫియతులూ జిల్లా మాన్యువళ్లూ విస్తారంగానే చెప్పాయి గానీ, తూమును గురించి అవి పలికినది బహు తక్కువ. అయినా ఒక చెరువు కింద ఎవరి మడి తడవాలో, ఎవరి మడి ఎండాలో తేల్చేది కట్ట అడుగున కంటికి కనబడకుండా ఉండే ఆ జానెడు కంతే కనుక, ఈ సీమలో నీటి హక్కుల చరిత్ర రాయదలచినవారు తూము దగ్గర మొదలుపెట్టడం న్యాయం.

తూము అంటే చెరువు కట్ట గర్భంలోంచి గానీ కాలువ గట్టులోంచి గానీ నీరు అవతలికి పోవడానికి రాతితోనో ఇటుకతోనో కట్టిన దారి, దాని మూతికి ఉన్న కంత, ఆ కంతను మూసి తెరిచే సాధనం, ఈ మూడూ కలిసిన కట్టడం. తమిళ సీమలో దీనినే తూంబు అంటారు. తెలుగులో ఇదే మాట ధాన్యపు కొలతకూ ఉంది: నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర నేటికీ పుట్టి లెక్కనే, అంటే 850 కిలోల లెక్కన, పలుకుతుంది. చెరువు దగ్గర తూముతో నీరు కొలిచి, కళ్లంలో తూముతో గింజలు కొలిచిన సమాజానికి ఈ రెండు కొలతలకూ ఉన్న సంబంధాన్ని ఎవరూ విప్పి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ సీమకు చెరువు ఎందుకు ప్రాణాధారమైందో వాన తీరు చెబుతుంది. నెల్లూరు జిల్లాలో నైరుతి ఋతుపవనం అరకొరగా కురిసి, అధిక వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనంలో, బంగాళాఖాతపు వాయుగుండాల వెంట పడుతుంది. సముద్రానికి దూరమై కొండల వైపు పోయే కొద్దీ ఆ వాన కూడా పలచబడుతుంది. బొగ్గేరు, బీరాపేరు, పిల్లాపేరు వంటి ఏర్లు వాయుగుండం పట్టిన నాలుగు రోజులు ఒడ్లు ఒరుసుకొని పారి, తక్కిన కాలమంతా ఇసుక మేటలుగా మిగులుతాయి. నాలుగు రోజుల్లో వచ్చిన నీటిని నాలుగు నెలల వరి పైరుకు చాలేటట్టు నిలిపి, రోజుకు కొంత చొప్పున విడుచుకోవడం తప్ప ఇక్కడి రైతుకు మరో దారి లేకపోయింది. అందువల్లనే వాలు వెంబడి ఒకదాని కింద ఒకటిగా గొలుసు చెరువులు వెలిశాయి. పై చెరువు నిండి కలుజు మీదుగా పొర్లిన నీరు కింది చెరువుకు చేరుతుంది. కలుజు అంటే చెరువు నిండిన తరవాత అదనపు నీటిని కట్టకు చేటు రాకుండా బయటికి పంపే రాతి కట్టడం; రాయలసీమలో అలుగు అనీ, తెలంగాణలో మత్తడి అనీ పిలిచే దానికి నెల్లూరు పలుకుబడి ఇది. నీరు మట్టం దాటితే కలుజు తనంతట తానే పొర్లుతుంది, తూము మాత్రం మనిషి చేయి పడితే గాని తెరుచుకోదు. ఆ చేయి ఎవరిది, ఎంతసేపు, ఎంత ఎత్తున తెరవాలి అన్న ప్రశ్నలకు కాలానికొక జవాబు దొరికింది.

ఉదయగిరి నేడు ఒక మండల కేంద్రమే అయినా, 14వ శతాబ్దంలో విజయనగరపు తూర్పు భాగాన్ని ఏలిన ఉదయగిరి రాజ్యానికి అది రాజధాని. హరిహరరాయల తమ్ముడు కంపన, అతని తరవాత అతని కుమారుడు రెండవ సంగముడు ఇక్కడి నుంచి పాలించారు. 1356లో బిట్రగుంట గ్రామాన్ని దానం చేస్తూ శాసనం వేయించినవాడు ఈ సంగముడే. వేదభాష్యకారుడు సాయణాచార్యుడు అతని మంత్రి. సంగముని తరవాత బుక్కరాయలు తన కుమారుడు భాస్కరుణ్ణి, భవదూరుడనే మరో పేరు గలవాణ్ణి, ఉదయగిరి ప్రభువుగా నియమించాడు. ఆ భాస్కరుడు శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, వెలిగొండలకు పడమట, నేటి వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని పోరుమామిళ్ల వద్ద అనంతరాజ సాగరమనే మహా తటాకాన్ని కట్టించి, దాని కథనంతా రెండు పెద్ద రాతి పలకల మీద సంస్కృతంలో చెక్కించాడు. ఆత్మకూరుకు సమీపంలో సోమశిల దారిలో ఉన్న అనంతసాగరం వేరు, ఇది వేరు. పేర్ల పోలిక వల్ల ఈ రెంటినీ ఒకటిగా భ్రమించరాదు.

దక్షిణ భారత జలశాస్త్ర చరిత్రలో పోరుమామిళ్ల శాసనానికి సాటి వచ్చేవి బహు కొద్ది. వెయ్యిమంది కూలీలు ప్రతి దినం పని చేయగా, రాతి పనికి నూరు బండ్లు నడవగా, రెండేళ్లకు చెరువు పూర్తయిందనీ, రేఖాదండం అనే నాటి కొలతలో కట్ట పొడవు 5000, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు అనీ అందులో ఉంది. అంతకన్న విలువైనవి మంచి చెరువుకు అది చెప్పిన పన్నెండు అంగాలు. ధర్మపరుడూ ధనవంతుడూ కీర్తికాముడూ అయిన రాజు, పాథశ్శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే నది, ఆ నదిని ఒరుసుకొని నిలిచిన కొండ, కొండ కొనల నడుమ మరీ పొడవు గాక బిగువుగా కట్టిన రాతి కట్ట, విశాలమూ లోతూ గల గర్భం, నిడుపాటి తిన్నని రాళ్లు దొరికే గని, దిగువన ఫలవంతమైన సమతల భూములు, పనితెలిసిన కూలీల దండు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పాథస్సు అంటే నీరు, పాథశ్శాస్త్రం అంటే నీటి నడకను తెలిపే విద్య. రాజు తరవాత రెండవ స్థానంలోనే ఆ విద్య తెలిసినవాణ్ణి నిలబెట్టడం, ఆ కాలానికి చెరువు కట్టడం కేవలం పుణ్యకార్యంగా గాక లెక్కతో కూడిన పనిగా కూడా కనబడిందనడానికి సాక్ష్యం.

శాసనం చెప్పిన ఆరు దోషాలు ఈ వ్యాసానికి మరింత ముఖ్యం. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం, గర్భం నడుమ తాబేటి వీపులాగా మెరక ఉండడం అన్నవి నాలుగు. చివరి రెండు దోషాలు ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు: నీరు కొద్దిగా ఉండి సాగు నేల విస్తారంగా ఉండడం ఒకటి, నేల కొద్దిగా ఉండి నీరు మిక్కుటంగా ఉండడం మరొకటి. నీటికీ నేలకూ ఉండవలసిన నిష్పత్తిని నేటి ఇంజనీర్లు డ్యూటీ అంటారు. ఒక క్యూసెక్కు ప్రవాహం, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, పంటకాలమంతా పారితే ఎన్ని ఎకరాలు పండించగలదో ఆ సంఖ్యే డ్యూటీ. తూము కంత ఎంత ఉండాలన్నది ఈ సంఖ్య తెలియకుండా తేలదు. ఆరున్నర శతాబ్దాల కింద ఉదయగిరి ప్రభువు వేయించిన శాసనంలో ఈ ఆలోచన దోషాల పట్టికలోకి ఎక్కి ఉండడం ఈ సీమవారు గర్వించదగిన విషయం. రెండు రాజ్యాల సరిహద్దు దోషమన్న మూడవ మాట ఎంత నిజమో నదీజలాల తగవులు చూస్తున్న ఈ తరానికి వేరే చెప్పనక్కరలేదు.

గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తరవాత 1514లో పట్టుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించిన సంగతి అందరూ ఎరిగినదే. రాజ్యానికి ఆదాయం పెరగాలంటే చెరువులూ కాలువలూ తవ్వించి పేద రైతుకు పన్ను తగ్గించాలన్న నీతిని ఆయన ఆముక్తమాల్యదలో రాజధర్మంగా చెప్పాడు. అయితే రాజులు మారినా, దుర్గం చేతులు మారినా, చెరువు కింద రోజువారీ పని మాత్రం ఊరి మనుషుల చేతిలోనే నడిచింది. ఆ పనిని అర్థం చేసుకోవాలంటే పాత తూమును దగ్గరగా చూడాలి.

కట్ట లోపలి వాలుకు కాస్త ముందుగా, చెరువు గర్భంలో, రెండు నిలువు రాతి స్తంభాలు నీటిలోంచి పైకి లేచి కనబడతాయి. వాటిని కలుపుతూ మెట్లలాగా రెండు మూడు అడ్డపలకలు ఉంటాయి, ఒక్కొక్క పలక నడుమ ఒక రంధ్రం ఉంటుంది. పైనుంచి కింది దాకా ఆ రంధ్రాలన్నిటిలోంచీ ఒక పొడవాటి కొయ్య దిగుతుంది. కొయ్య కింది కొనకు శంకువు ఆకారంలో, పైన లావుగా కింద సన్నగా చెక్కిన బిరడా ఉంటుంది. అడుగున నీటి దారికి మూతగా పరచిన రాతి పలకలోని గుండ్రని కంతలో ఆ బిరడా దిగి కూర్చుంటే నీరు ఆగుతుంది. నీరు కావలసినప్పుడు మనిషి కట్ట మీద నుంచి దిగి, స్తంభాల మీదికి ఎక్కి కొయ్యను పైకి లాగి, దానికి తొలిచిన చిల్లులలో ఒకదానిలో శీల గుచ్చుతాడు. శీల పై పలక మీద ఆనుకోవడం వల్ల బిరడా ఆ ఎత్తుననే నిలిచిపోతుంది. బిరడా శంకువు కావడంలోనే ఈ ఏర్పాటులోని తెలివి అంతా ఉంది: కొయ్యను ఒక్క చిల్లు ఎత్తితే బిరడాకూ కంత అంచుకూ మధ్య సన్నని వలయంలాగా సందు ఏర్పడుతుంది, రెండు చిల్లులు ఎత్తితే ఆ వలయం వెడల్పవుతుంది, పూర్తిగా లాగేస్తే కంత అంతా తెరుచుకుంటుంది. చిల్లులే నీటి మెట్లు అన్నమాట. ఇవాళ మూడు చిల్లుల నీరు, రేపు రెండు చిల్లుల నీరు అన్న ఒప్పందం అక్షరం రాని మనిషికి కూడా కంటికి కనబడుతుంది, ఎవరూ కాదనలేరు.

చెరువు నీటిని అదుపులో విడవాలన్న ఇదే సమస్యకు పొరుగు సీమలవారు వేరే రూపాల్లో జవాబు వెతికారు. తమిళ సీమలోని కుమిళి తూంబులో గర్భంలో కట్టిన రాతి తొట్టికి పైన నీటి కంత, అడుగున ఒండ్రు పోయే కంతలు ఉండి, నీటితో పాటు బురదను కూడా పొలానికి పంపేవి. సింహళంలోని బిసోకొటువ కట్ట లోపల కట్టిన చతురస్రపు బావి. లోతైన చెరువు నుంచి దూసుకొచ్చే నీటి వేగాన్ని ఆ బావి మింగేసి, కట్ట కోసుకుపోకుండా కాపాడేది. మెట్ట నెల్లూరు చెరువులు చాలా వరకు అంత లోతైనవి కావు కనుక ఇక్కడ స్తంభాల తూమే సరిపోయింది.

కంత చిన్నదైనా దాని ప్రవర్తన మాత్రం సులభమైనది కాదు. నీటి మట్టానికి ఎంత లోతున కంత ఉందో ఆ లోతును ఇంజనీర్లు హెడ్ అంటారు. నెత్తి మీద ఉన్న నీటి బరువు అని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. కంతలోంచి నీరు దూకే వేగం ఈ లోతుతో సరిసమానంగా గాక, దాని వర్గమూలంతో పెరుగుతుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి 1644లో ప్రకటించాడు. అంటే లోతు నాలుగింతలైతే నీరు రెండింతలే అవుతుంది. ఆరంగుళాల వ్యాసం గల కంత మీద ఒక మీటరు నీరు నిలిచి ఉంటే, రాపిడినీ ధార సన్నబడడాన్నీ లెక్కలోకి తీసుకున్నాక, సెకనుకు సుమారు 48 లీటర్లు, అంటే ఒకటిన్నర క్యూసెక్కుకు కాస్త ఎక్కువ, బయటికి వస్తుంది. చెరువు నిండి అదే కంత మీద నాలుగు మీటర్ల నీరు నిలిస్తే సుమారు 97 లీటర్లు వస్తుంది; చెరువు అడుగంటి పావు మీటరే మిగిలితే 24 లీటర్లకు పడిపోతుంది. కంతను ముట్టుకోకుండానే, చెరువు నిండినప్పటికీ అడుగంటినప్పటికీ నడుమ నీరు నాలుగో వంతుకు తగ్గిపోయిందన్నమాట.

పంట అవసరం ఈ లెక్కకు సరిగ్గా ఎదురు నడుస్తుంది. కార్తిక మాసంలో చెరువు నిండుగా ఉన్నప్పుడు నారు మళ్లకు, నాట్లకు కావలసిన నీరు వాన కూడా కొంత ఇస్తుంది కనుక తూము మీద భారం తక్కువ. పుష్య మాఘాల్లో వాన వెనుదిరిగి, వెన్ను పాలు పోసుకునే వేళకు పైరు ఒక్క తడికి అలమటిస్తుండగా తూము సన్నబడుతుంది. అందుకే తూమును లెక్కించేవారు చెరువులో నీరు బాగా తగ్గిన దశలో కూడా ఆయకట్టుకు చాలినంత ప్రవాహం వచ్చేటట్టు కంత పరిమాణాన్ని నిర్ణయిస్తారు. దాని ఫలితంగా, చెరువు నిండినప్పుడు అదే కంత అవసరానికి రెట్టింపు నీటిని కక్కుతుంది. మొదటి నెలల్లో బిరడాను అదుపులో పెట్టకపోతే చివరి నెలకు నీరే ఉండదు. బిరడా దగ్గర కాపలా మనిషి ఎందుకు అవసరమయ్యాడో, అతనికి ఊరు ఎందుకు మాన్యం ఇచ్చి పోషించిందో ఈ ఒక్క కారణం చాలు.

ఆ మనిషికి తెలుగునాట ప్రాంతానికొక పేరు: నీరుగంటి, నీరటి, నీరుకట్టు. తూము తెరవడం, మూయడం, పిల్ల కాలువల్లో వంతుల ప్రకారం నీరు మళ్లించడం, కట్టకు ఎలుక బొక్కలు పడితే ఊరికి చెప్పడం అతని పని. చెరువు కట్టించినవారికీ, దాని మరమ్మతు బాధ్యత మోసేవారికీ దశబంధం అనే మాన్యం ఉండేది. పేరును బట్టి పదో వంతు అన్నమాట, చెరువు కింది భూమిలో గానీ ఫలసాయంలో గానీ ఒక భాగం ఆ పనికి శాశ్వతంగా విడిచిపెట్టడం దీని సారం. నెల్లూరు, కడప, చిత్తూరు ప్రాంతాల ఇనాము రికార్డుల్లో దశబంధం మాన్యాలు కనబడతాయి. వాన తగ్గిన ఏడు చెరువు సగమే నిండితే, తూముకు దగ్గరి భూమిలో చాలినంత మేరకే నాటి, ఆ భూమినే రైతులందరూ తమ తమ వాటాల దామాషాన పంచుకొనే ఆచారం తెలుగు జిల్లాల చెరువుల కింద ఉండేది. దామాషా అంటే వాటాను బట్టి పంపకం. చివరి మడి రైతుకు నీరు అందించలేనప్పుడు అతణ్ణే నీటి దగ్గరికి తీసుకురావడంలో ఉన్న న్యాయం గొప్పది, ఏ యంత్రమూ ఇంతవరకు దానికి సాటి రాలేదు.

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీకి దక్కింది. పన్ను వసూలు మీద ఉన్న శ్రద్ధ చెరువు మరమ్మతు మీద లేకపోవడంతో పాత మాన్యాలు బలహీనపడ్డాయి, ఊరుమ్మడి పని సడలింది. రైతులు ఉమ్మడిగా కాలువలు పూడిక తీసుకొని, కట్ట మీద పొదలు కొట్టుకొనే పూర్వాచారాన్ని దొరతనంవారు కుడిమరామత్తు అని పిలిచి, 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టంతో దానిని బలవంతంగా నిలబెట్టజూశారు. ఊరి మనసుతో నడిచిన పనిని జరిమానాతో నడిపించబోవడం సహజంగానే ఫలించలేదు. 1865లో నీటి పన్ను చట్టం వచ్చాక సర్కారు నీటికి సర్కారే ధర కట్టడం మొదలైంది. అప్పటి నుంచి తూములోంచి వచ్చేది ఊరి నీరా, సర్కారు నీరా అన్న ప్రశ్న కోర్టుల దాకా నడిచింది.

1883లో మద్రాసు ప్రభుత్వం ప్రారంభించిన చెరువుల పునరుద్ధరణ పథకం మాత్రం మేలు చేసిందనడంలో సందేహం లేదు. సర్వే బృందాలు నదీ పరీవాహకాల వారీగా తిరుగుతూ ఒక్కొక్క చెరువును కొలిచి, పూర్తి నీటి మట్టం, కలుజు పొడవు, తూము కంత కొలత, తూము అడుగు మట్టం, ఆయకట్టు విస్తీర్ణం ఇవన్నీ ఒక పత్రంలో నమోదు చేశాయి. దానిని చెరువు మెమొయిర్ అన్నారు. తూము అడుగు మట్టం అంటే కంత కింది అంచు ఎంత ఎత్తున ఉందన్నది. దానికి దిగువన నిలిచిన నీరు తూముకు అందదు, పశువులకూ చేపలకూ నేలలో ఇంకడానికీ మిగులుతుంది. ఈ పత్రాల వల్ల తూము మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది: ఊరి జ్ఞాపకంలో ఉన్న కొలత, అంగుళాలతో సహా, రికార్డయింది. క్రమంగా బిరడా కొయ్యల చోట ఇనుప మర కడ్డీతో పైకి లేచే షట్టర్లు, కట్ట లోపల బురుజులాంటి తొట్టి గల తూములు వచ్చాయి. మర తిప్పితే షట్టరు వెంట్రుకవాసి కూడా కదులుతుంది కనుక నియంత్రణ సూక్ష్మమైంది. అయితే చిల్లులు లెక్కపెట్టి అందరూ చూసుకొనే బహిరంగత పోయి, మర తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే నీరు వారిదయింది.

మెట్ట సీమ చెరువులతో సరిపెట్టుకుంటున్న కాలంలోనే తూర్పున పెన్నా మీద నెల్లూరు ఆనకట్ట 1855లోనూ, ఆత్మకూరుకు తూర్పున సంగం ఆనకట్ట 1886 నాటికీ పూర్తయి, కాలువ తూము అనే కొత్త సమస్య తెచ్చాయి. చెరువు తూము నిలిచిన నీటికి కొలత, కాలువ తూము పారే నీటికి కొలత. కాలువలో మట్టం గంట గంటకూ మారుతుంది. పైన ఒక తూము ఎక్కువ తాగితే కింది తూముకు మట్టం తగ్గుతుంది. కాలువ తూములను ఇంజనీర్లు మూడు తెగలుగా విభజించారు. కాలువ మట్టం, పంట బోదె మట్టం రెండూ మారితే ప్రవాహం మారేది మొదటి తెగ. గట్టులో పాతిన మామూలు గొట్టం నీట మునిగి ఉన్నప్పుడు ఇలాగే ప్రవర్తిస్తుంది, రైతు తన బోదెను లోతుగా తవ్వుకుంటే ఎక్కువ నీరు లాక్కోగలడు. నీరు గొట్టం నుంచి బోదెలోకి స్వేచ్ఛగా దూకేటట్టు కడితే బోదె మట్టంతో నిమిత్తం ఉండదు, కాలువ మట్టంతోనే మారుతుంది. ఇది రెండవ తెగ. ఏ మట్టం మారినా ఒకే ప్రవాహం ఇచ్చేది మూడవ తెగ. వినడానికి ఇదే ఉత్తమంగా తోచినా, కాలువలో నీరు తగ్గిన రోజున పై తూములన్నీ తమ పూర్తి వాటా లాక్కొని కొరతనంతా చివరి రైతు మీద మోపుతాయి.

ఈ చిక్కును విప్పినవాడు పంజాబు కాలువల మీద పనిచేసిన ఇంజనీరు ఇ. ఎస్. క్రంప్. అతను 1922లో ప్రకటించిన తూములో కంత పై అంచును కాలువ నిండు మట్టానికి దిగువన, మొత్తం లోతులో పదింట మూడు వంతుల దగ్గర నిలుపుతారు. అక్కడ నిలిపిన కంతలోంచి వచ్చే ప్రవాహం, కాలువ ప్రవాహం ఎంత శాతం తగ్గితే దాదాపు అంత శాతమే తగ్గుతుంది. కంత ఎత్తున ఉంటే కొరత రోజుల్లో ఆ రైతు అన్యాయమైపోతాడు, మరీ దిగువన ఉంటే తోటివాణ్ణి అన్యాయం చేస్తాడు. తెలుగు ఊళ్లు దామాషా అని పిలిచిన నీతినే క్రంప్ గణితంతో కాలువ గట్టులో పాతాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆత్మకూరు సీమ రూపురేఖలను మార్చింది అనంతసాగరం మండలంలో పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం. 1989లో పూర్తయిన దీని నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. దీని ఉత్తర, దక్షిణ ఫీడర్ కాలువలు, పేరును బట్టే, చెరువులను నింపే కాలువలు. ఇక్కడ రెండు యుగాల తూములు ఒకదాని వెంట ఒకటి పనిచేయవలసి వచ్చింది: కాలువ తూము నీటిని చెరువులో పోస్తుంది, చెరువు తూము దానిని మడికి పంచుతుంది. ఒకదానిని ఇంజనీరు లెక్క, మరొకదానిని ఊరి వంతు నడిపిస్తాయి. కాలువ నీరు వస్తుందన్న భరోసా కలిగాక చెరువు కింద ఎడగారు అని పిలిచే రెండో పంట కూడా వేయడం, దానితో తూము మూతపడే రోజులు తగ్గడం, పూడిక తీయడానికి, మర బిగించడానికి తీరిక లేకపోవడం జరిగింది.

ఉదయగిరి వైపు ఇప్పటికీ పాత కథే ఎక్కువ. పిల్లాపేరు మీద గండిపాలెం జలాశయం ఉన్నా, మెట్ట రైతు చూపు వెలిగొండ ప్రాజెక్టు వైపే ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని కొండ కింద రెండు సొరంగాల ద్వారా తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సంకల్పం. ఉదయగిరి మెట్ట ఆ ఆశలో భాగం. ఆ సొరంగాల వ్యాసం ఒకటి 7 మీటర్లు, మరొకటి 9.2 మీటర్లు. పందొమ్మిది కిలోమీటర్ల దాకా కొండను తొలుచుకొని వచ్చే ఆ నీరు కూడా చివరికి రైతు మడిలోకి దిగేది ఆరంగుళాల గొట్టంలోంచే. సొరంగం మీద పెట్టిన శ్రద్ధలో నూరో వంతు ఆ గొట్టం మీద పెట్టని పక్షంలో, కొండ అవతలి నుంచి తెచ్చిన నీరు కాలువ మొదట్లోనే ఇంకిపోతుంది.

ఈ మాటకు లెక్క ఉంది. కంతలోంచి వచ్చే నీరు దాని వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆరంగుళాల గొట్టం తీసి ఏడంగుళాల గొట్టం పెడితే, కంటికి తేడా తెలియకపోయినా, నీరు 36 శాతం పెరుగుతుంది. కాలువ ఎగువన ఇలా మూడు తూములు మారితే దిగువన ఒక తూము నీరు పూర్తిగా మాయమవుతుంది. షట్టరు తుప్పుపట్టి సగంలో నిలిచిపోయినా, మర కడ్డీ విరిగి ఇసుక బస్తాలతో కంత మూసినా ఫలితం అదే. 1997లో నీటిపారుదల వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి, పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటు చేసినప్పుడు, నీరుగంటి చేతి నుంచి సర్కారు కాలువ ఉద్యోగి అయిన లస్కరు చేతికి పోయిన తూము మళ్లీ ఊరి చేతికి వచ్చింది. దానిని ఊరు నిలబెట్టుకోవాలంటే ముందుగా దాని కొలత ఊరికి తెలియాలి. ఆ కొలత 1883 తరవాతి మెమొయిర్లలోనూ, జలవనరుల శాఖ నక్షాల్లోనూ ఉంది. తూము పక్కన మాత్రం లేదు.

ఉదయగిరి, ఆత్మకూరు సీమల నీటి సంఘాలు వచ్చే వానకాలానికి ముందు చేయవలసిన మొదటి పని ఇదే: తమ చెరువుల, కాలువల తూములు ఒక్కొక్కటే కొలిచి, రికార్డులోని కొలతతో సరిచూసి, కంత వ్యాసమూ అడుగు మట్టమూ దాని కింది ఆయకట్టూ తెలుగులో చెక్కిన పలకను తూము నెత్తిన నిలపాలి. పోరుమామిళ్ల శాసనం చెక్కడానికి రెండు పెద్ద రాళ్లు పట్టాయి. ఈ పలకకు ఒక కడప బండ, ఒక బస్తా సిమెంటు చాలు.